పెళ్ళి ఫోటోలు: నేర్పినవారు, నేర్చినవారు

మా నాయనమ్మ రేకు పెట్టెలో నల్ల కాగితాల ఆల్బము ఒకటి ఉన్నది. పుటకు పుటకు మధ్య సాలెగూడు అచ్చు వేసిన పలుచని కాగితము, ఫోటోల నాలుగు మూలలకు అంటించిన చిన్న బిళ్ళలు. ఆ కాలపు ఆల్బములు ఎరిగినవారికి ఇంతకు మించి వర్ణించి చెప్పనక్కరలేదు. అందులో ఉన్నవి 1968లో ఖుర్దా రోడ్డు రైల్వే కాలనీలో జరిగిన మా మేనత్త పెళ్ళి ఫోటోలు, మొత్తము పన్నెండు. ఎదురుకోలు ఉన్నది. గౌరీపూజ ఉన్నది. మంగళసూత్రధారణకు రెండు ఫోటోలు, తలంబ్రాలకు రెండు ఉన్నవి. మా తాతగారు లోకోషెడ్డు మిత్రులతో కుర్చీలలో బిగుసుకొని కూర్చున్న గ్రూపు ఫోటో ఉన్నది. జీలకర్ర బెల్లము పెట్టునప్పటి ఫోటో మాత్రము లేదు. ఆల్బము తెరిచినప్పుడెల్లా నాయనమ్మ ఒకే మాట అనేది: "అన్నీ తీశాడు గానీ నాయనా, ముహూర్తం తీయలేదు."

ఆ ఫోటోలు తీసినవాడు పనిరానివాడు కాడు. స్టేషను బజారులో స్టూడియో పెట్టుకొన్న బెంగాలీ ఆయన. ఊరంతా దాదా అనే పిలిచేవారు. మిగిలిన పన్నెండు ఫోటోలు నేటికీ నిన్న తీసినట్లున్నవి. కాని వారి పెళ్ళిళ్ళలో సిందూరదానము ప్రధానము. ఒడియా వారి పెళ్ళిళ్ళలో వధూవరుల చేతులు కలిపి కట్టు హస్తగంఠి ప్రధానము. మన పెళ్ళిలో తెర అడ్డము పట్టుకొని, ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లము ఉంచిన క్షణమే సుముహూర్తమని ఆయనకు ఎవరు చెప్పవలెను? చెప్పదగిన మన వారందరు ఆ సమయమునకు అక్షింతలు పట్టుకొని పీటల చుట్టు మూగియున్నారు. దాదా బల్బులు మంగళసూత్రము కొరకు దాచుకొన్నాడు.

ఆ ఖాళీ తరువాత ఎట్లు నిండినది, పెళ్ళి ఫోటో తీయు విద్య ఒకరి చేతి నుండి మరొకరి చేతికి ఎట్లు వచ్చినది అనునదే ఈ వ్యాస విషయము. నేను చరిత్రకారుడను కాను. మెట్రిక్ చదివి, 2012లో రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. 2014 నుండి సెలవు దినములలో పెద్ద ఫోటోగ్రాఫర్ల వెంట సంచి మోసి, దీపము పట్టి ఈ పని కొంత నేర్చుకొన్నాను. కూలి పుచ్చుకొనలేదు. రైల్వే ఉద్యోగి పై వ్యాపారము చేయరాదు గదా! భోజనమునకు, తాంబూలమునకు లోటు రాలేదు.

1839లో ఫ్రాన్సు దేశమున దగేరు పద్ధతి ప్రకటితమైన తరువాత ఫోటోగ్రఫీ మన దేశమునకు త్వరగానే వచ్చినది. 1856 నాటికి మదరాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీయే ఏర్పడినది. కాని కెమేరా వచ్చినంత మాత్రమున పెళ్ళిపందిరిలోనికి రాగలిగినది కాదు. 1851లో ఆర్చరు కనిపెట్టిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు కొలోడియను పూసి, వెండి లవణపు నీటిలో ముంచి, అది ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడుగవలెను. కెమేరా నిలిపిన చోటనే చీకటి గుడారము కూడ వేయవలెను. అది ఒంటిచేతి పని కాదు. పలక సిద్ధము చేయుటకు, నీళ్ళు అందించుటకు, గుడారము మోయుటకు మనుషులు కావలెను. ఆ మోతగాండ్రలో కొందరు కళ్ళతో చూచి నేర్చుకొన్నారు. ఈ విద్యకు మొదటి బడి ఆ గుడారమే అని నా అభిప్రాయము.

ఇక్కడ మన తెలుగు దేశమునకు సంబంధించిన ఒక మహనీయుని తలచుకొనకుండ ముందుకు పోలేను. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్టు దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగమునకు చేరినారు. మనవలె ఆఫీసు మనిషే. 1874 ప్రాంతమున, ఉద్యోగము చేయుచునే, సరదాగా కెమేరా పట్టినారు. పిమ్మట ఉద్యోగము వదలి, సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి ఆస్థాన ఫోటోగ్రాఫరై, రాజా బిరుదు పొందినారు. 1905లో కాలము చేసినారు. ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది కోటల ఫోటోలు కాదు, వేటల ఫోటోలు కాదు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్లేయ స్త్రీ చేతికి అప్పగించినారు. ఫోటో తీయువాడు ఎంత నిపుణుడైనను సరే, లోపలికి రానిచ్చు మనిషి కానిచో ఆ ఫోటో లేనట్లే. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను. మా ఖుర్దా రోడ్డు కథలో మళ్ళీ వచ్చును.

1871లో డాక్టరు మాడక్స్ చూపిన దారిలో పొడిపలకలు వచ్చినవి. గుడారము బరువు తగ్గినది. కాని వెలుతురు బాధ తగ్గలేదు. మన ముహూర్తములు తరచు అర్ధరాత్రికో తెల్లవారుజాముకో వచ్చును. 1887లో జర్మనీలో మెగ్నీషియము పొడిని కలిపి చేసిన ఫ్లాషు పొడి బయటకు వచ్చినది. అది భగ్గుమని మండి, గది నిండ తెల్లని పొగ వదలును. తాటాకు పందిరి క్రింద దానిని వెలిగించుటకు ఎవరికి ధైర్యము? కావుననే పాత పెళ్ళి ఫోటోలన్నియు పెళ్ళి అయిన మరునాడు పగటి వెలుగులో, వధూవరులను కుర్చీలలో కూర్చోబెట్టి తీసినవి. వారి ముఖములలో నవ్వు లేదని ఈ కాలపు పిల్లలు నవ్వుచుందురు. రాత్రంతా నిద్ర లేదు, ఎదురుగా ఎండ, కదలవద్దని ఆజ్ఞ! నవ్వు ఎక్కడ నుండి వచ్చును?

1929లో రెండు సంగతులు జరిగినవి. జర్మనీలో ఫ్లాషు బల్బు అమ్మకమునకు వచ్చినది. అదే సంవత్సరము రెండు కళ్ళ కెమేరా రోలీఫ్లెక్సు వచ్చినది. పొగ లేని వెలుగు, చేతిలో ఇమిడే కెమేరా. పెళ్ళి ఫోటో పందిరిలోనికి వచ్చుటకు కావలసినవి ఈ రెండే. రోలీఫ్లెక్సు ధనవంతుల వస్తువు. 1957లో జపాను వారి యాషికా మ్యాట్ వచ్చిన తరువాత మధ్యతరగతి స్టూడియోలకు ఆ తరహా కెమేరా అందుబాటులోనికి వచ్చినది. మన నాన్నల, అత్తల పెళ్ళి ఫోటోలలో చదరముగా ఉన్నవన్నియు దాదాపు ఈ జాతి కెమేరాల సంతానమే.

ఈ కెమేరాను గురించి కొంచెము వివరముగ చెప్పవలెను. అప్పటి శిష్యరికమంతయు దాని నిర్మాణము చుట్టే తిరిగినది. దానిని కంటి దగ్గర పెట్టుకొనరు. రొమ్ము దగ్గర పట్టుకొని, తల వంచి, పైనున్న గరుకు గాజులోనికి చూడవలెను. అందులో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనబడును. తల వంచిన మనిషికి ఆ గాజు తప్ప పందిరిలో మరేమియు కనబడదు. పురోహితుడు ఏమి అందుకొన్నాడో, తెర ఎవరు పట్టుకొన్నారో తెలియదు. కాని పీటల మీద తల వంచుకొని కూర్చున్న వధువు ముఖము క్రింది నుండి చక్కగా దొరకును. ఆనాటి ఫోటోలలో పెళ్ళికూతుళ్ళ ముఖములు స్పష్టముగ ఉండుటకు ఇదే కారణము. నేడు నిలబడి పైనుండి తీసిన ఫోటోలలో పాపిటబిళ్ళ తప్ప ముఖము కనబడదు.

ఒక రోలుకు పన్నెండు ఫోటోలు. దిగుమతి ఆంక్షల వలన ఫిల్ము సులభముగ దొరికేది కాదు. ఉదకమండలములోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారము 1960లో స్థాపింపబడి, 1967లో ఉత్పత్తికి వచ్చినది. సామాన్యుని పెళ్ళికి ఒక రోలు, బాగా ఉన్నవారి పెళ్ళికి రెండు. ఒక బల్బు ఒక ఫోటోకే. వెలిగిన పిమ్మట అది తెల్లబడి, బుడగలెత్తి, వేలు కాలునంత వేడిగా ఉండును. దానిని తీసి క్రొత్తది పెట్టుటకు కాలము పట్టును. ఆ లోపల తలంబ్రాలు సగము అయిపోవును. కావున ఫోటోగ్రాఫరు పెళ్ళిని పన్నెండు ముక్కలుగా ముందుగానే కోసుకొని రావలెను. ఏది వదలవలెనో తెలిసినవాడే ఏది తీయవలెనో తెలిసినవాడు. పరాయివారి పెళ్ళిలో అది తెలియుట ఎట్లు?

ఇప్పుడు మా మాస్టారి సంగతి. ఆయన కూడ కాలనీలో పుట్టిన తెలుగువారే. మన వారు ఖుర్దా రోడ్డుకు రైలు పట్టాల వెంట వచ్చినవారు. 1893, 1896 సంవత్సరముల మధ్య బెజవాడ నుండి కటకము వైపు తూర్పు తీరపు రైలుమార్గము వేసినారు. 1897లో ఖుర్దా రోడ్డు నుండి పూరీకి రైలు నడిచినది. పిమ్మట బెంగాల్ నాగపూరు రైల్వే కాలములో శ్రీకాకుళము వైపు నుండి షెడ్డు పనులకు, గ్యాంగు పనులకు కుటుంబములు వచ్చి నిలిచిపోయినవి. మా తాతగారు అట్లు వచ్చినవారే. మాస్టారి తండ్రిగారు పాయింట్స్‌మన్. 1971లో, పదహారవ ఏట, చదువు సాగక మాస్టారు దాదా స్టూడియోలో చేరినారు. మొదటి సంవత్సరము పని: స్టూడియో ఊడ్చుట, బల్బుల సంచి మోయుట, ప్రింట్లు కడుగుట, వేసవిలో ఐసు తెచ్చుట. ఐసు ఎందుకంటే, డెవలపరు ఇరవై డిగ్రీల వేడిమిలో ఉండవలెను. మన పెళ్ళిళ్ళు వైశాఖ జ్యేష్ఠములలో ఉండును. ఒడిషా ఎండలలో డెవలపరును చల్లార్చకుండ ఫిల్ము ముంచితే పైపూత మెత్తబడి ఊడివచ్చును. చేపల బజారు నుండి గోనెసంచిలో ఐసు తెచ్చి, తొట్టిలో వేసి, అందులో డెవలపరు సీసా నిలిపేవారట. "మొదట నేర్చుకున్న విద్య ఐసు బేరమాడడం" అని మాస్టారు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ యేడు కాలనీలో ఒక తెలుగు పెళ్ళికి దాదా వెళ్ళినప్పుడు సంచి మోసుకొని ఈయన వెళ్ళినారు. దాదా గాజులో చూచుచు మంగళసూత్రము కొరకు కాచుకొనియున్నాడు. బరంపురము నుండి వచ్చిన సన్నాయి మేళము ఒక్కసారి గట్టిమేళము అందుకొన్నది. ఈయన దాదా భుజము మీద తట్టి, "ఇప్పుడే దాదా, ఇదే" అన్నాడు. శిష్యుడు గురువును తట్టరాదు. దాదా కోపముగ తలెత్తి చూచి, మాట వినక, అలవాటు కొద్దీ మీట నొక్కినాడు. ఆ ఫోటో నేను చూచినాను. కొంచెము వంకరగా ఉన్నది. ఖుర్దా రోడ్డు తెలుగువారి ఇండ్లలో నేను చూచిన జీలకర్ర బెల్లము ఫోటోలలో అదే మొట్టమొదటిది.

మరునాడు దాదా ఈయనను కూర్చోబెట్టి, తెలుగు పెళ్ళి మొదటి నుండి చివరి వరకు చెప్పమని, బెంగాలీలో కాగితము మీద వ్రాసుకొన్నాడట. స్నాతకము, కాశీయాత్ర, మేనమామ వధువును బుట్టలో తెచ్చుట, తెర, జీలకర్ర బెల్లము, మంగళసూత్రము, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనము, అప్పగింతలు. పదహారేండ్ల కుర్రవాడు ఏమి చెప్పగలడు? తెలియనివి ఇంటికి పోయి తల్లిని అడిగి వచ్చి చెప్పినాడు. ఆ కాగితము చాలకాలము డార్కు రూము తలుపుకు అంటించి ఉండెనట. మరొక లాభము కూడ కలిగినది. వధువును అలంకరించు గదిలోనికి దాదాను ఎవరు రానిత్తురు? కాలనీ కుర్రవాడు గనుక ఈయనను రానిచ్చినారు. నలుగు పెట్టునప్పటి ఫోటోలు అట్లు మొదలైనవి. ఘోషా స్టూడియో మాట గుర్తుంచుకొనుమన్నది అందుకే.

దాదా మాత్రము తక్కువ నేర్పలేదు. వెలుగును సూటిగా ముఖము మీద వేయక కొంచెము పక్కకు, ఎత్తుగా పట్టించుట, బంగారునగలు మెరిసి ముఖము నల్లబడకుండ చూచుట, నెగటివు మీద సన్నని పెన్సిలుతో మచ్చలు దిద్దుట, అన్నియు ఆయన వద్దనే. చెప్పి నేర్పుట తక్కువ, తిట్టి నేర్పుట ఎక్కువ. అది ఆ కాలపు పద్ధతి. నాకు ఆ పద్ధతి మీద గౌరవము లేదు. మంచి కుర్రవాండ్రు కొందరు ఆ తిట్లకు పారిపోయినారని మాస్టారే చెప్పినారు.

గురువుకు కూడ తప్పులు తప్పవు. 1974లో దాదా క్రొత్తగా ఎలక్ట్రానికు ఫ్లాషు కొన్నాడు. బల్బులు మార్చు పని లేదు. యాషికా మీద ఎం, ఎక్స్ అను రెండు గుర్తుల మీట ఉన్నది. ఎం బల్బులకు, ఎక్స్ ఎలక్ట్రానికు ఫ్లాషుకు. బల్బు పూర్తిగా వెలుగుటకు క్షణములో యాభైయవ వంతు కాలము పట్టును గనుక, ఎం వద్ద ముందు కరెంటు పోయి, తరువాత తలుపు తెరుచుకొనును. ఎలక్ట్రానికు ఫ్లాషు క్షణములో వేయవ వంతులో వెలిగి ఆరిపోవును. మీట ఎం వద్దనే ఉండిపోయినచో తలుపు తెరుచుకొనునప్పటికి చీకటియే మిగులును. ఆ రాత్రి అదే జరిగినది. రెండు రోళ్ళు, ఇరవై నాలుగు ఫోటోలు, అన్నియు ఖాళీ. పెళ్ళివారికి ప్రతిసారి మెరుపు కనబడినది. లోపల ఏమియు పడలేదు.

దాదా ఎవరినీ పంపలేదు. తానే తెల్లవారి పెళ్ళివారింటికి వెళ్ళి ఉన్నమాట చెప్పినాడు. డబ్బు తిరిగి ఇచ్చినాడు. మళ్ళీ పీటల మీద కూర్చున్నచో తీసెదనని బ్రతిమలాడినాడు. తలంబ్రాలు మళ్ళీ పోసుకొనుటకు ఒప్పుకొన్నారు. జీలకర్ర బెల్లమునకు వధువు తండ్రి ఒప్పుకొనలేదు. పగటి వెలుగులో తీసిన ఆ తలంబ్రాల ఫోటో వారింట ఇప్పటికీ గోడకు ఉన్నది. ఆనాటి నుండి, ప్రతి పెళ్ళికి బయలుదేరునప్పుడు గుమ్మము దగ్గర ఆగి మీట చూపించుట స్టూడియోలో ఆచారమైనది.

తరువాతి మార్పులు త్వరగా చెప్పెదను. రంగుల ఫిల్ము వచ్చినది. డార్కు రూము పని పట్టణములోని కలరు లాబులకు పోయినది. దానితో రాత్రులు గురువు పక్కన నిలబడి ప్రింటు తేలివచ్చుట చూచు భాగ్యము శిష్యులకు పోయినది. తీసిన తప్పు అదే రాత్రి తెలియుటకు బదులు వారము తరువాత తెలిసెడిది. ముప్పది ఆరు ఫోటోల కెమేరాలు వచ్చినవి. వీడియో వచ్చినది. దానితో వేయి వాట్ల లైటు వచ్చి పెళ్ళికూతుళ్ళను చెమటలు పట్టించినది. పిమ్మట డిజిటలు వచ్చినది. మొదటి డిజిటలు కెమేరా 1975లో కొడాకు కంపెనీలోనే తయారైనది. ఆ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరినది. నేను రైల్వేలో చేరిన యేడు అది.

2014లో నేను మాస్టారి వద్ద చేరునప్పటికి ఆయన వయస్సు అరువదికి దగ్గర. నాకు పాత నికాన్ ఒకటి ఉన్నది, కార్డులో వేయి ఫోటోలు పట్టును. మొదటి పెళ్ళికి నేను తొమ్మిదివందలు తీసినాను. మాస్టారు అన్నియు ఓపికగా చూచి, "బాగున్నాయిరా. పెళ్ళికొడుకు తల్లి ఎక్కడ?" అన్నారు. ఒక్కదానిలో లేదు. రెండవ పెళ్ళికి ఆయన విధించిన నియమము: ముప్పది ఆరు కంటె ఎక్కువ తీయరాదు. ఎంత బాధపడితినో చెప్పలేను. కాని ఆ రాత్రి మొదటిసారి నేను పెళ్ళి చూచినాను. ఎవరు ఎవరి ప్రక్క నిలబడుదురో, ఎవరు కంటతడి దాచుకొనుటకు స్తంభము చాటుకు పోవుదురో కనబడినది.

నా తప్పు మూడవ సంవత్సరములో జరిగినది. మాస్టారు నాకు వరుని వైపు నిలబడు అధికారము ఇచ్చినారు, తాను వధువు వైపు. నేను చవకలో కొన్న రేడియో ట్రిగ్గరుతో ఫ్లాషును దూరముగ స్టాండు మీద పెట్టినాను. కదలిక ఆపవలెనని వేగము క్షణములో అయిదువందవ వంతుకు పెంచినాను. తెర దిగినది. నొక్కినాను. జీలకర్ర బెల్లము ఫోటోలో సగము వెలుగు, సగము కాటుక. నా కెమేరాకు ఫ్లాషుతో రెండువందవ వంతు దాటరాదు. దాటినచో దాని తెరతలుపు ఒకేసారి పూర్తిగా తెరుచుకొనదు, సన్నని చీలికగా జరిగిపోవును. కెమేరా మీద తగిలించిన ఫ్లాషు అయితే కెమేరాయే అడ్డుకొనేది. చవక ట్రిగ్గరు సంగతి దానికి తెలియదు.

మాస్టారు తిట్టుదురనుకొన్నాను. ఆయన కెమేరా తెరమీద ఆ నల్లని పట్టీ చూచి నవ్వినారు. "నాకూ అయిందిరా ఇది. యాషికాలో తలుపు ఆకుల్లా తెరుచుకునేది, ఏ వేగానికైనా ఫ్లాషు పడేది. పెంటాక్సు కొన్నాక అరవయ్యో వంతు దాటకూడదని ఎవడు చెప్పాడు? మొదటి పెళ్ళిలో సగం మందికి కాళ్ళు లేవు" అన్నారు. అప్పటికి దాదా లేడు. చెప్పువాడు లేక ఆయన ఒంటరిగా కనుగొన్న తప్పు అది. నాకైతే ఆ పెళ్ళిలో నష్టము జరుగలేదు. రెండవ వైపు నుండి ఆయన తీసిన ఫోటో ఉన్నది.

ఇప్పుడు మాస్టారు రాత్రి పెళ్ళిళ్ళకు రారు. మోకాళ్ళ నొప్పులు. నా వెంట జట్నీకి చెందిన ఒడియా కుర్రవాడు ఒకడు వచ్చుచున్నాడు. ఒడియా పెళ్ళిళ్ళలో స్త్రీల హుళహుళి ఎప్పుడు లేచునో, హస్తగంఠికి ఎటువైపు నిలబడవలెనో వాడు నాకు చెప్పును. మన పెళ్ళిళ్ళలో నేను వానికి చెప్పుదును. మొన్న మా మేనత్త మనుమరాలి పెళ్ళికి వానినే వధువు వైపు నిలిపినాను. పురోహితుని చేతులు చూడవద్దు, సన్నాయి చెవిన పెట్టుకో అని చెప్పినాను. గట్టిమేళము అందుకొన్నది. వాడు ఒక్క క్షణము తొందరపడి, తెర పూర్తిగా దిగకముందే నొక్కినాడు. తెర అంచు మీదుగా పెళ్ళికూతురి కళ్ళు మాత్రము కనబడుచున్నవి, ప్రక్కనుండి వరుని చెయ్యి తల మీదికి వచ్చుచున్నది. నేను తీసిన ఫోటోలో అన్నియు సరిగానే ఉన్నవి. ఇంటివారు మాత్రము వానిదే ఏరుకొన్నారు. ఒక ప్రతి మా నాయనమ్మ తీసికొని, పెట్టెలోని నల్ల ఆల్బములో, మంగళసూత్రమునకు ముందు పుటలో పెట్టించుకొన్నది.